మన కూలిని మనకే కానుకగా ఇస్తారట!



పాలకోడు మార్కెట్లో టమోటా ధర పడిపోయిన వారమే మిల్లు ఏజెంటుకు పండగ. బండి కిరాయి కూడా రాలేదని గంపలు రోడ్డు పక్కన కుమ్మరించి రైతు ఇల్లు చేరేసరికి ఏజెంటు అరుగు మీద కూర్చొని ఉంటాడు. చేతిలో రంగుల కాగితం. దాని మీద నవ్వుతున్న పెళ్లికూతురు బొమ్మ. "మూడేండ్లు కండ్లు మూసుకుంటే అయిపోతాయి మామా. తిండి వాళ్లదే, పడక వాళ్లదే. పిల్ల తిరిగొచ్చేనాటికి పెండ్లి ఖర్చు చేతిలో ఉంటుంది" అంటాడు. తండ్రి తల దించుకుంటాడు. తల్లి లోపలికి వెళ్లి పిల్లకు రెండు పావడాలు, దువ్వెన, సబ్బు మూటగడుతుంది. తలకు ఇంతని ఏజెంటుకు మిల్లు ఇచ్చే కమీషన్ మాట మాత్రం ఆ అరుగు మీద రాదు.

అక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: రోజు కూలి ఎంత?

పదిహేనేళ్లకో పదహారేళ్లకో బడి మానిపించి మన పాలకోడు, మారండహళ్లి, పెన్నాగరం, కారిమంగలం పల్లెల నుంచి కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడ్, దిండిగల్ నూలు మిల్లులకు బస్సుల్లో తరలిన ఆడపిల్లల తరఫున ఆ ప్రశ్న ఇవాళ మేం అడుగుతున్నాం. ఆలస్యంగానే అడుగుతున్నాం. ఎందుకు ఆలస్యమైందో కూడా ఇందులోనే చెప్పుకుంటాం.

ముత్తైదువ పేరుతో మూడేళ్ల బందీ

దీనికి మిల్లుల వాళ్లు పెట్టిన పేరు సుమంగలి పథకం. సుమంగలి అంటే ముత్తైదువ. మన ఆడవాళ్లు పసుపు కుంకుమలతో పిలుచుకునే మాటను తీసుకెళ్లి వెట్టిచాకిరికి బోర్డుగా తగిలించారు. పథకం సంగతి మన ఊళ్లలో తెలియని ఇల్లు లేదు. పిల్ల మూడేళ్లు మిల్లు హాస్టల్లోనే ఉండి పని చెయ్యాలి. నెలనెలా చేతికి కొంచెం ఖర్చుకు ఇస్తారు. మూడేళ్లు నిండాక ముప్పై వేలో, నలభై వేలో, యాభై వేలో ఒక్కసారిగా ఇస్తామంటారు. మధ్యలో జబ్బు చేసినా, ఇంటి మీద బెంగ పెట్టుకున్నా, సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకున్నాడని పారిపోయి వచ్చినా ఆ పెద్ద మొత్తం పోయినట్టే.

మాకు తెలిసిన ఒక పిల్ల రెండు సంవత్సరాల పది నెలలు ఒక మిల్లులో పని చేసింది. దగ్గుతో మొదలై, రాత్రి పూట ఊపిరాడక కూర్చొని నిద్రపోయే దాకా వచ్చింది. మిల్లు ఆమెకు రెండు మాత్రలిచ్చి ఇంటికి పంపింది. తండ్రి డబ్బు అడగడానికి పోతే గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పిన జవాబు ఒకటే: "ఇంకా రెండు నెలలు బాకీ ఉంది." ఎవరు ఎవరికి బాకీ? ముప్పై నాలుగు నెలలు పని చేసిన పిల్ల మిల్లుకు బాకీ అట!

2010 తర్వాత ఈ పథకం గురించి బయటి ప్రపంచం మాట్లాడటం మొదలుపెట్టింది. 2011లోనూ 2014లోనూ నెదర్లాండ్స్ పరిశోధన సంస్థలు మన మిల్లుల మీద నివేదికలు అచ్చువేశాయి. విదేశీ బట్టల కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. దాంతో కొన్ని మిల్లులు ఆ పేరు తీసేశాయి. బోర్డు మారింది. హాస్టల్ గేటుకు తాళం మాత్రం మారలేదు. క్యాంపు కూలి అన్నారు, శిక్షణ పథకం అన్నారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే: కార్మికురాలు మిల్లు ఆవరణలోనే పడుకోవాలి, మిల్లు పిలిచినప్పుడు లేవాలి, మిల్లు వదిలినప్పుడే ఇంటికి పోవాలి.

లెక్క చూద్దాం రండి

యజమాని లెక్కల పుస్తకం మనకు చూపించడు. మన లెక్క మనమే వేద్దాం.

మిల్లుల్లో అప్రెంటిసులుగా చూపే కార్మికులకు రోజుకు 110 రూపాయలు, ఆపైన కరువు భత్యం ఇవ్వాలని 2008లో తమిళనాడు ప్రభుత్వం నిర్ణయించింది. కరువు భత్యం సంగతి వదిలేద్దాం. వట్టి 110 రూపాయలే తీసుకుందాం. నెలకు 26 రోజుల చొప్పున 36 నెలలకు 936 రోజులు. రోజుకు 110 చొప్పున 1,02,960 రూపాయలు. ఒక పిల్లకు రోజుకు 60 రూపాయలు చేతికిచ్చారనుకుందాం. మూడేళ్లకు 56,160 రూపాయలు. అంటే రోజుకు 50 రూపాయల చొప్పున 46,800 రూపాయల కూలిని మిల్లు తన దగ్గరే ఆపేసుకుంది. చివర్లో పెళ్లి కానుక అని చెప్పి ఎంత ఇచ్చింది? 40,000!

అక్కచెల్లెళ్లారా, మళ్లీ ఒకసారి చదవండి. 46,800 ఆపుకొని 40,000 ఇచ్చి దానికి కానుక అని పేరు పెట్టారు. మీ జేబులోంచి తీసిన డబ్బులో కొంత తరుగు పట్టి, మిగిలింది దండేసి మీ చేతిలో పెట్టడం ఇది. మూడేళ్లు ఆ డబ్బు వాడుకున్నందుకు వడ్డీ లేదు. పొదుపు అంటారా? పొదుపు చేసినవాడు అడిగితే డబ్బు తిరిగి రావాలి. మధ్యలో అడిగితే మొత్తం పోయేదాన్ని పొదుపు అనరు, జరిమానా అంటారు.

ఇంకా అయిపోలేదు. మిల్లులో పని పన్నెండు గంటలు. భోజన విరామం, టీ విరామం అన్నీ పోగా రోజుకు మూడు గంటలు అదనం అనుకుందాం. అదనపు పనికి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉన్న మాట. మూడు గంటలకు రెట్టింపు అంటే ఆరు గంటల కూలి, 82 రూపాయల 50 పైసలు. 936 రోజులకు 77,220 రూపాయలు. రావలసింది మొత్తం 1,80,180. వచ్చింది, కానుకతో కలిపి, 96,160. మిగిలిన 84,020 రూపాయలు ఎక్కడ? ఒక్క పిల్ల దగ్గర ఇంత. ఒక హాస్టల్లో మూడు వందల మంది ఉంటే రెండున్నర కోట్లు! కొత్త స్పిండిళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, కొత్త షెడ్డు ఎవరి డబ్బుతో లేచిందో ఇప్పుడు తెలిసిందా?

ఇంకో కిటుకు కూడా చూడండి. గ్రాట్యుటీకి పాత చట్టం ప్రకారం ఐదేళ్ల సర్వీసు కావాలి. పథకం మూడేళ్లు. రెండేళ్లలో 480 రోజులు పని చేసినవాళ్లను పర్మనెంట్ చెయ్యాలని 1981లో తమిళనాడు చట్టం చేసింది. మిల్లు రికార్డులో పిల్ల కార్మికురాలే కాదు, అప్రెంటిస్. ఇవన్నీ కాకతాళీయమా? ముహూర్తం చూసి పెట్టినట్టు ప్రతి హక్కుకూ ఒక అడుగు ముందే పథకం ఆగిపోతుంది.

మిల్లు లోపల

బయటివాళ్లకు మిల్లు అంటే పొడవైన షెడ్డు, పక్కన తోట. లోపల ఏముందో మనకు తెలుసు. బ్లోరూంలో, కార్డింగులో నూగు మంచులా కురుస్తుంది. రింగ్ ఫ్రేమ్ దగ్గర నూలు తెగకూడదని గాలిలో తేమ పెంచుతారు, కిటికీలు తెరవరు. నూలుకు ఏ వాతావరణం కావాలో కొలిచే మీటర్ ఉంటుంది, మనిషికి ఏ గాలి కావాలో కొలిచేవాడు ఉండడు. పక్క మనిషితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. సైడర్ ఫ్రేము వెంట నడుస్తూనే తెగిన పోగులు అతకాలి. నిలబడితే పోగు తెగుతుంది, పోగు తెగితే తిట్లు పడతాయి. డాఫింగ్ పిల్లలు నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెడుతూ పరుగెత్తాలి. రాత్రి మూడు గంటలకు కన్ను మూతపడితే చున్నీ కొసో, జడ కొసో, వేలో ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. నడుస్తున్న యంత్రాన్ని ఆడవాళ్ల చేత, చిన్నవాళ్ల చేత తుడిపించకూడదని, నూనె వేయించకూడదని 1948లోనే చట్టం చెప్పింది. మరి మిషను ఆపి తుడిస్తే ఉత్పత్తి పోతుందని చెప్పేది ఎవరు?

దూది దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బిసినోసిస్ అంటారు. వారం సెలవు తర్వాత పనికి దిగిన రోజున ఛాతీ బిగపట్టినట్టు ఉండటం దీని మొదటి గుర్తు. అందుకే పాత మిల్లుల్లో దీన్ని సోమవారం జబ్బు అనేవారు. మొదట్లో పట్టుకుంటే, దుమ్ము నుంచి తప్పిస్తే మనిషి కోలుకోవచ్చు. ముదిరితే ఊపిరి తిరిగి రాదు. ఇది వృత్తి జబ్బు, నష్టపరిహారానికి అర్హమైన జబ్బు అని చట్టం జాబితాలోనే ఉంది. కానీ మన పిల్లలను పరీక్షించే డాక్టరెవరు? జబ్బు పడ్డ పిల్లను ఊరికి పంపేస్తే జబ్బు కూడా ఊరికే పోతుంది. మిల్లు రికార్డు శుభ్రంగా ఉంటుంది. పాలకోడు ఆసుపత్రిలో అది వట్టి ఆయాసం అవుతుంది.

బట్టల ఫ్యాక్టరీల సంగతీ అంతే. నెలసరి నొప్పికి సెలవు ఇవ్వకుండా, పేరు కూడా లేని మాత్రలు చేతిలో పెట్టి మిషను ముందు కూర్చోబెడుతున్నారని 2019లో ఒక వార్తాసంస్థ తమిళనాడులో దాదాపు వంద మంది ఆడవాళ్లతో మాట్లాడి బయటపెట్టింది. యంత్రానికి నూనె, ఆడదానికి మాత్ర. రెండూ ఆగకుండా నడవాలి!

యాజమాన్యాల నాలుగు మాటలు

మొదటి మాట: "తిండి పెడుతున్నాం, నీడ ఇస్తున్నాం." గొడ్డుకు కొట్టం కట్టినవాడు గొడ్డుకు దానం చేశాడా? హాస్టల్ మిల్లు పక్కనే ఎందుకు? అర్ధరాత్రి ఒక సైడర్ రాకపోతే లేపి తేవడానికి. పైగా తిండికీ పడకకూ కూలిలోనే కోత. రెండు వందల ఏళ్ల క్రితం అమెరికాలో లోవెల్ అనే ఊళ్లో ఇదే పద్ధతి పెట్టారు. రైతుల ఆడపిల్లలు, మిల్లు హాస్టళ్లు, రాత్రికి గేటు మూత. 1834లో కూలి తగ్గిస్తే ఆ పిల్లలు పని ఆపి వీధిలోకి వచ్చారు. 1836లో హాస్టల్ ఖర్చు పెంచితే మళ్లీ వచ్చారు. మన యజమానులు కనిపెట్టింది ఏమీ లేదు. అక్కడి పాత సరుకుకు ఇక్కడ పసుపు రాశారు.

రెండో మాట: "వాళ్లు కార్మికులు కారు, శిక్షణలో ఉన్నారు." పోగు అతకడం కొన్ని వారాల్లో చేతికి వస్తుంది. మూడేళ్లు నేర్పి, నేర్చుకోగానే ఇంటికి పంపే బడి ఎక్కడైనా ఉందా? ఆమె తీసిన నూలును శిక్షణ నూలు అని తక్కువ ధరకు అమ్ముతున్నారా? నూలుకు పూర్తి ధర, మనిషికి సగం కూలి!

మూడో మాట: "తల్లిదండ్రులే ఇష్టపడి సంతకం పెట్టారు." ఆ కాగితం తమిళంలో ఉంటుంది. మనలో ఎంతోమందికి ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది నాలుగో ఐదో తరగతి. వేలిముద్ర వేసినవాడికి చదివి వినిపించేది ఏజెంటే. అయినా ఇష్టపడ్డారనే అనుకుందాం. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరే అని చెప్పింది. ఆకలి కూడా బలవంతమే అని చెప్పింది. ఆకలితో ఉన్నవాడి సంతకం చూపించి ఇష్టం అనడం న్యాయం కాదు.

నాలుగో మాట: "కూలి పెంచితే ఆర్డర్లు బంగ్లాదేశ్‌కు పోతాయి." బంగ్లాదేశ్‌లో ఏమైంది? 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలుసు. అయినా లోపలికి తోలారు. అక్కడి అక్కచెల్లెళ్లకు కూడా ఇదే మాట చెప్తారు, ఆర్డర్లు ఇండియాకు పోతాయని. మన పేరు చెప్పి వాళ్లను, వాళ్ల పేరు చెప్పి మనను భయపెడతారు. దూది ధర పెరిగితే, కరెంటు చార్జీ పెరిగితే మిల్లు సంఘాలు చెన్నై, ఢిల్లీ తిరిగి మంత్రులను కలుస్తాయి. కూలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రపంచ మార్కెట్టు గుర్తొస్తుంది.

"మనవాళ్లే" అనే మాట

ఇంకో మాట ఉంది. అది కాగితం మీద ఉండదు, చెవిలో చెప్తారు. "యజమాని మనవాడే, మన తెలుగే మాట్లాడతాడు, పిల్లను సొంత బిడ్డలా చూస్తాడు." నిజమే, కోయంబత్తూరు ప్రాంతంలో మిల్లులు నిలబెట్టినవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తక్కువేమీ కావు. కానీ సొంత బిడ్డను ఎవరైనా రాత్రి షిఫ్టులో కార్డింగ్ దగ్గర నిలబెడతారా? భాష కలిస్తే బంధువు కాడు; లెక్క కలిస్తేనే బంధువు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. ఇవాళ మన పిల్లలు ఖాళీ చేసిన మంచాల మీద ఒడిశా, జార్ఖండ్, బీహార్ పిల్లలు పడుకుంటున్నారు. వాళ్లకు తమిళమూ రాదు, తెలుగూ రాదు. "వీళ్లొచ్చి మన కూలి చెడగొట్టారు" అని మనలో కొందరు అంటున్నారు. అన్నా, ఈ మాట మనకు తగునా? ఒకప్పుడు మనవాళ్లు కరీంనగర్, వరంగల్, పాలమూరు నుంచి బొంబాయి, షోలాపూర్, భివండి మిల్లులకు, మగ్గాలకు పోయినప్పుడు అక్కడివాళ్లు మనను ఇలాగే అన్నారు. కానీ 1982 జనవరి 18న బొంబాయి మిల్లులు ఆగినప్పుడు దాదాపు రెండున్నర లక్షల మందిలో మరాఠీ, తెలుగు, హిందీ వాళ్లు ఒకే వీధిలో నిలబడ్డారు. ఆ సమ్మె ఓడింది. కానీ భాషల గోడ వల్ల ఓడలేదు. కూలి చెడగొట్టేది ఒడియా పిల్ల కాదు, ఆమెకు తక్కువ ఇచ్చేవాడు.

మన తప్పు కూడా చెప్పుకుందాం

యాజమాన్యాన్ని తిట్టి చేతులు కడుక్కోవడం సులభం. మా తప్పు మేం దాచం.

యూనియన్లు మిల్లు గేటు దగ్గర జెండా ఎగరేశాయి కాని హాస్టల్ గేటు తట్టలేదు. పర్మనెంటు కార్మికుల బోనస్ కోసం కొట్లాడినంత గట్టిగా అప్రెంటిసు పిల్ల కూలి కోసం కొట్లాడలేదు. పర్మనెంటువాళ్లు రిటైరవుతూ పోయారు. వాళ్ల చోట్లోకి హాస్టల్ పిల్లలు వచ్చారు. కళ్లు తెరిచేసరికి మిల్లు నిండా మన సభ్యులు కానివాళ్లే. కమిటీలు చూడండి, అందరం మగవాళ్లమే. మీటింగులు రాత్రి తొమ్మిదికి టీ కొట్టు వెనక. ఏ ఆడపిల్ల వస్తుంది?

ఇంకా లోపలి తప్పు ఒకటుంది. ఈ పథకం నిలబడింది దేని మీద? కట్నం మీద. 1961లోనే కట్నాన్ని చట్టం నిషేధించింది. అయినా మన పెళ్లి చూపుల్లో మొదటి మాట అదే. ఆ మాట అడిగిన మగపెళ్లివారిలో యూనియన్ కార్డు ఉన్నవాళ్లూ ఉన్నారు. మన ధర్మపురి, సేలం జిల్లాలకు ఆడబిడ్డ పుడితే బరువు అనుకునే చెడ్డపేరు ఉండేది. ఆ పసిప్రాణాలను కాపాడటానికే 1992లో సేలంలో ఊయల పథకం పెట్టవలసి వచ్చింది, తర్వాత మన జిల్లాకూ తెచ్చారు. ఊయలలో బతికిన పిల్లను పదిహేనేళ్లకు కార్డింగ్ దగ్గరికి పంపితే ఏం కాపాడినట్టు? కట్నం అడిగే కార్మికుడు తెలియకుండానే మిల్లు ఏజెంటు పని చేస్తున్నాడు. ఇది చదివి కోపం వచ్చినవాళ్లు మా మీద కాదు, ఇంటికి వెళ్లి అద్దం మీద చూపించండి.

2022లో తమిళనాడు ప్రభుత్వం పాత పెళ్లి సహాయ పథకాన్ని మార్చి, ప్రభుత్వ బడిలో చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. తాళికి కాదు, చదువుకు. దారి అటు ఉంది. పాలకోడు పల్లెల్లో ప్రతి తల్లికీ ఈ సంగతి తెలుగులో చెప్పే బాధ్యత మనది.

చట్టాలు మారాయి, జాగ్రత్త!

2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. స్టాండింగ్ ఆర్డర్లకు, ప్రభుత్వ అనుమతితోనే మిల్లు మూయాలన్న షరతుకు వంద మంది సరిపోయేది, ఇప్పుడు మూడు వందలు కావాలి. ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆడవాళ్లను వాళ్ల ఒప్పుదలతో రాత్రి షిఫ్టులో పెట్టుకోవచ్చు. ఒప్పుదల! హాస్టల్ తాళం వార్డెన్ దగ్గరుంటే ఆ పిల్ల ఒప్పుదల ఎవరి దగ్గరుంటుంది?

అయితే ఈ కోడ్‌లలో కూడా మన చేతికి దొరికే కర్రలున్నాయి, వాటిని వదలకూడదు. రోజుకు ఎనిమిది గంటలే పని అని కోడ్ చెప్తోంది. అదనపు పనికి రెట్టింపు కూలి అని చెప్తోంది. ఉద్యోగంలో చేర్చుకునే ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలని చెప్తోంది. నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాది పని చేస్తే గ్రాట్యుటీ అని చెప్తోంది. మూడేళ్ల మోసానికి ఈ ఒక్క మాట అడ్డం తిరుగుతుంది. కోడ్‌లను వ్యతిరేకించుదాం, అందులో మనకు రావలసింది మాత్రం పైసాతో సహా వసూలు చేద్దాం.

చట్టం రాయి కాదు, తోస్తే కదులుతుంది. 2023 ఏప్రిల్‌లో పన్నెండు గంటల పనికి దారి తీసే బిల్లును తమిళనాడు శాసనసభలో పాస్ చేశారు. అన్ని రంగుల జెండాల యూనియన్లూ లేచాయి. మే డే నాడు ముఖ్యమంత్రి ఆ బిల్లును వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించారు. పది రోజుల్లో!

గెలిచిన చోట్లు

మన పిల్లలు అమాయకులు, భయస్తులు, వాళ్లతో పోరాటం కాదు అనే పెద్దమనుషులకు మూడు సంగతులు గుర్తు చేస్తాం.

2016 ఫిబ్రవరిలో కేంద్రం ప్రావిడెంట్ ఫండ్‌లో యజమాని వాటాను 58 ఏళ్లదాకా తీసుకోకుండా నిబంధన పెట్టింది. బెంగుళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడవాళ్లు ఏ నాయకుడూ పిలవకుండానే హోసూరు రోడ్డు, మైసూరు రోడ్డు మీదికి వచ్చారు. వాళ్లలో మన సరిహద్దు ఊళ్ల తెలుగు ఆడవాళ్లూ ఉన్నారు. రెండు రోజుల్లో, ఏప్రిల్ 19న, కేంద్రం నిబంధన రద్దు చేసింది.

2021 డిసెంబర్‌లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఫోన్ల ఫ్యాక్టరీలో పని చేసే పిల్లలు హాస్టల్ తిండి తిని ఆసుపత్రి పాలయ్యారు. తోటి పిల్లలు చెన్నై, బెంగుళూరు హైవే మీద కూర్చున్నారు. హాస్టళ్లలో వసతి సరిగా లేదని కంపెనీయే ఒప్పుకోవలసి వచ్చింది. అదే ఊళ్లో 2024లో సామ్‌సంగ్ ఫ్యాక్టరీ యువ కార్మికులు 37 రోజులు సమ్మె చేశారు. యూనియన్ పేరే వద్దన్నచోట 2025 జనవరిలో యూనియన్ రిజిస్టర్ అయింది.

మూడోది మన మిల్లుల నడుమే. 2021 జనవరిలో దిండిగల్ జిల్లాలో ఒక యువ దళిత కార్మికురాలు హత్యకు గురైంది. పని చేసే చోటి సూపర్‌వైజర్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ఆడవాళ్లే నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ ఆ శవం మీద ఏడ్చి ఊరుకోలేదు. 2022 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ యాజమాన్యం చేత, బట్టలు కొనే విదేశీ కంపెనీ చేత కట్టుబడే ఒప్పందం రాయించుకుంది. వేధింపుల మీద ఫిర్యాదు వినడానికి కార్మికురాళ్లనే తయారు చేసింది. మొదటి ఏడాదిలో వచ్చిన 185 ఫిర్యాదుల్లో 182 పరిష్కారమయ్యాయని ఒప్పందం చేసుకున్నవాళ్లు ప్రకటించారు. ఇంతకు ముందు ఆ 185 కడుపులో దాచుకున్న మాటలే కదా!

మిల్లు ఆడపిల్ల మానం కోసం ప్రాణాలిచ్చిన చరిత్ర ఈ గడ్డకు కొత్త కాదు. ఒక కార్మికురాలిని చెరిచిన గూండాపై తిరగబడిన కేసులో చిన్నియంపాళయం మిల్లు కార్మికులు నలుగురిని 1946 జనవరి 8న కోయంబత్తూరు జైలులో ఉరి తీశారు. వాళ్ల వారసులం అని చెప్పుకునే మనం హాస్టల్ గేటు ముందు తల తిప్పుకొని పోదామా?

మా డిమాండ్లు

1. ఏ పేరుతోనైనా సరే, చివర్లో ఒకేసారి ఇస్తామనే పద్ధతి రద్దు చెయ్యాలి. ప్రతి నెలా పూర్తి కూలి కార్మికురాలి సొంత బ్యాంకు ఖాతాలో పడాలి.

2. మధ్యలో పని మానిన పిల్లలకు ఆపిన కూలి వడ్డీతో ఇప్పించాలి.

3. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను మిల్లు పనికి, హాస్టల్‌కు తీసుకోకూడదు. తీసుకొచ్చిన ఏజెంటు మీద కేసు పెట్టాలి.

4. ఎనిమిది గంటల పని. అదనపు పని ఇష్టమైతేనే, రెట్టింపు కూలితోనే.

5. దుమ్ము కొలవాలి, కొలత బోర్డు మీద రాయాలి. ఏడాదికొకసారి ఊపిరితిత్తుల పరీక్ష చేసి, రిపోర్టు కార్మికురాలి చేతికే ఇవ్వాలి.

6. 2014 హాస్టళ్ల చట్టం కింద ప్రతి మిల్లు హాస్టల్‌నూ రిజిస్టర్ చెయ్యాలి. ఫోన్‌కు, సెలవుకు, తల్లిదండ్రుల రాకకు, యూనియన్ రాకకు అడ్డు ఉండకూడదు.

7. 2013 చట్టం ప్రకారం వేధింపుల కమిటీ కార్మికురాళ్లు ఎన్నుకున్న సభ్యులతో ఉండాలి. నియామక పత్రం కార్మికురాలు చదవగల భాషలో ఉండాలి. తెలుగైతే తెలుగు, ఒడియా అయితే ఒడియా.

ఇవి ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ. మనకు మనం పెట్టుకునే డిమాండ్లు మూడు: ప్రతి మిల్లు కమిటీలో సగం ఆడవాళ్లు. మీటింగులు పగలు, ఆదివారం, పిల్లలను వెంట తెచ్చుకునే చోట. యూనియన్ సభ్యుడు కట్నం అడిగాడని తెలిస్తే కార్డు రద్దు.

ఊరికి తిరిగివచ్చిన చెల్లెమ్మా, నీ దగ్గర జీతం చీటీ ఉన్నా లేకపోయినా రా. ఏ మిల్లు, ఏ డిపార్ట్‌మెంట్, ఎన్ని నెలలు, చేతికి ఎంత, కోత ఎంత అన్నది చెప్పు. మేం రాసుకుంటాం. ఒక్కదాని మాటను వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. వంద మంది లెక్కలు కలిసి లేబర్ ఆఫీసు బల్ల మీద పడితే ఆపలేడు.

రేపు ఏజెంటు మళ్లీ మన అరుగు మీదికి వస్తాడు. రానీ. కూర్చోనీ. మంచినీళ్లివ్వండి. పెళ్లికూతురు బొమ్మ పక్కకు పెట్టమని చెప్పి ఒకే ప్రశ్న అడగండి: రోజు కూలి ఎంత? జవాబు చెప్పలేకపోతే బస్సు ఎక్కాల్సింది మన పిల్ల కాదు, అతనే.

కూలి కానుక కాదు, హక్కు!
హాస్టల్ గేటు తెరవాలి!
భాష ఏదైనా కార్మికులంతా ఒక్కటే!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!